ఇంజను దాహానికి ఏ నీరు?

మోటారుసైకిలుకు నీళ్ళతో పనేమిటని అడిగే రోజులు పోయాయి. మన తరం నడిపిన రాజ్‌దూత్, యెజ్డీ బళ్ళకు ఇంజను చుట్టూ ఉండే రెక్కలూ, ఎదురుగాలీ చాలేవి. 2008లో యమహా ఆర్15 వచ్చాక మన దేశంలో నూట యాభై సీసీల బండికి కూడా రేడియేటరు, పంపు, థర్మోస్టాటు అమరాయి. మే నెల మధ్యాహ్నం సూరత్ రింగ్ రోడ్డు మీద, జౌళి మార్కెట్ల ముందు చిక్కుకున్న వారికి ఆ ఏర్పాటు విలువ బాగా తెలుస్తుంది. అక్కడ బండి కదలదు, గాలి ఆడదు. రేడియేటరు వెనుక ఫ్యాను తిరిగితేనే ఇంజనుకు ఊపిరి.

లింబాయత్‌లోని ఒక పద్మశాలి కుటుంబంతో మాకు పాత పరిచయం. తండ్రి కరీంనగర్ జిల్లా నుండి వచ్చి మరమగ్గాల మీద సంసారాన్ని నిలబెట్టాడు. కొడుకు నగరపాలక సంస్థ వారి తెలుగు బడిలో చదువుకొని, ఇప్పుడు పార్సిళ్ళు చేరవేస్తున్నాడు. వాయిదాల మీద కొన్న పాత బండి అతనికి మగ్గంతో సమానం. అది ఆగిన రోజు ఇంట్లోకి డబ్బు రాదు.

గత వేసవిలో ఒక ఆదివారం వచ్చి, "కాకా, దినాం ఎర్ర లైటు వెలుగుతుంది. నీళ్ళు పోస్తే ఆరుతుంది. ఇంజన్ పోతదా?" అని అడిగాడు. (తెలంగాణలోనూ గుజరాత్‌లోనూ చిన్నాన్న 'కాకా'యే. ఆ పిలుపు వినగానే ఇద్దరిళ్ళూ ఒక్కటైనట్లుంటుంది.)

"ఏ నీళ్ళు?" అన్నాను.

"బోరు నీళ్ళే."

నీటి శుద్ధి విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసిన నాకు ఆ జవాబుతోనే సగం రోగం తెలిసింది. మన ప్లాంటులోని కూలింగ్ టవరులో నీరు ఆవిరై పోతుంది, లవణాలు మాత్రం మిగిలిపోతాయి. అందుకే కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటకు వదిలి కొత్త నీరు పోస్తాము. రేడియేటరుకు ఆ వసతి లేదు. పోసిన ప్రతి లీటరు బోరు నీటితో పాటు కాల్షియం లోపలికి చేరి, వేడి గోడల మీద సున్నపు పొరగా పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు. దీపం మళ్ళీ వెలుగుతుంది, కుర్రవాడు మళ్ళీ నీళ్ళు పోస్తాడు.

అసలు భయం వేరే ఉంది. హెడ్ గాస్కెట్ పోతే నీరు ఆయిలులో కలుస్తుంది, ఆయిలు పాలు కలిపిన టీలా మారుతుంది. అప్పుడు ఇంజను విప్పక తప్పదు. ఆ ఖర్చుకు అతని రెండు నెలల సంపాదన చాలదు. ముందుగా ఆయిలు చూశాము. తేటగానే ఉంది. అంతవరకు మాట్లాడని తండ్రి అప్పుడు కూర్చున్నాడు.

ఇంజను పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టనివ్వలేదు. లోపల పీడనం ఒక బారు పెరిగితే నీరు సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. అంత వేడిలో మూత తీస్తే ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడుతుంది. మన బాయిలరు మిత్రులకు ఇది కొత్త సంగతి కాదు. చల్లారాక చూస్తే మూత రబ్బరు బిరుసెక్కి పగిలి ఉంది. పీడనం నిలవక, నీరు పక్క డబ్బాలోకి, అక్కడి నుండి రోడ్డు మీదికి పోతోందన్నమాట. పంపు కింది చిన్న రంధ్రం మాత్రం పొడిగా ఉంది. అక్కడ తడి ఉంటే పంపు సీలు పోయినట్లు.

వదిలిన నీరు ఇటుక రంగులో వచ్చింది. "యాసిడ్ పోస్తే పోదా అన్నా?" అన్నాడు తండ్రి. రేడియేటరు అల్యూమినియంది, యాసిడ్ దాన్నే తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరు పోసి, ఇంజను తిప్పి, చల్లార్చి వదలడం నాలుగుసార్లు చేశాము. నాలుగోసారి తేటగా వచ్చింది. సున్నమంతా పోయిందని మాత్రం చెప్పను.

కొత్త మూత పెట్టి కూలెంటు పోశాము. సూరత్‌లో నీరు గడ్డకట్టదు కదా, గ్లైకాల్ ఎందుకని కొందరు అడుగుతారు. సగం గ్లైకాల్, సగం శుద్ధజలం కలిపితే మరిగే స్థానం మూత లేకుండానే సుమారు 107 డిగ్రీలకు చేరుతుంది. పైగా తుప్పును ఆపే రసాయనాలు కూలెంటులోనే ఉంటాయి. నా దృష్టిలో మన ఊళ్ళకు అదే ముఖ్యం. అవి కాలక్రమాన ఖర్చయిపోతాయి కనుక బండి పుస్తకంలో చెప్పిన గడువుకు కూలెంటు మార్చాలి. పాతది తియ్యగా ఉండే విషం. కుక్కలూ పిల్లలూ నాకే ప్రమాదం ఉంది కనుక డబ్బాలో పట్టి మూత బిగించాము.

గాలి బుడగలు పోయేలా బండిని అటూ ఇటూ వంచి, గొట్టాలు నొక్కి, మళ్ళీ గీత దాకా నింపాము. ఆ వేసవిలో ఎర్రదీపం మళ్ళీ వెలగలేదని విన్నాను. ఉత్తరాయణం వెళ్ళగానే ఫ్యాను వంక ఒకసారి చూడమని చెప్పాను. తెగిన మాంజా ఇరుసుకు చుట్టుకుంటే ఫ్యాను తిరగదు, జనవరి చలిలో ఆ సంగతి తెలియదు, మే నెలలోనే బయటపడుతుంది.