బండి ఆయిలు – మేనమామ గంప

మా మారండహళ్ళిలో మోటారు సైకిలు లేని వీధి లేదు గాని, దానిలో పోసే ఆయిలు సంగతి తెలిసినవారు వీధికి ఒక్కరు వుంటే గొప్ప. మేమూ నిన్న మొన్నటి దాకా తెలియనివారి జాబితాలోనే వుండేవారము. తెలిసికొనడానికి చెల్లించిన రుసుము కాస్త పెద్దది. మన పత్రిక చదివే కుటుంబాలలో ఎవరికైనా పనికి వస్తుందని ఆ కథ వ్రాస్తున్నాము.

మేము గుమాస్తా ఉద్యోగం చేసేవారము. లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే ఆ రాత్రి నిద్ర పట్టని జాతి మాది. అటువంటి మేము ఆయిలు దగ్గర లెక్క తప్పాము.

మా నాన్నగారికి పాత బుల్లెట్టు వుండేది. 1955లో మద్రాసు మోటార్సు వారూ ఇంగ్లండు కంపెనీవారూ కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిన తరువాత తిరువొత్తియూరులో తయారవుతూ వచ్చిన రకం అది. "ఇంజను ఆయిలంటే ఇంజను ఆయిలేరా. చౌకగా దొరికింది పొయ్యి, వేళకు మార్చు" అనేవారు. ఆయన బండికి ఆ సూత్రం చెల్లింది. ఎందుకంటే ఆ బండిలో ఇంజనుకు ఒక ఆయిలు, గేరు బాక్సుకు ఒకటి, క్లచ్చు వుండే చైను కేసుకు మరొకటి. 2010 ప్రాంతాల నుండి వచ్చిన బుల్లెట్లలో ఈ మూడూ ఒకే కడుపులో వుంటాయి. మూటికీ ఒకటే ఆయిలు. మేము కొన్నది ఈ కొత్త తరహా బండి. బండి మారింది గాని, మేము సూత్రం మార్చలేదు.

రెండేళ్ళ క్రిందట పలమనేరులో మా పెద్ద మేనకోడలి పెళ్ళి. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకొని రావడం మేనమామ వంతు అని వేరే చెప్పనక్కరలేదు. మా ఇంటావిడ పిల్లలతో, సారెతో ముందే బస్సులో వెళ్ళిపోయింది. మాకు దొరికింది ఒక్క రోజు సెలవు. సాయంత్రం ఆఫీసు ముగియగానే బండి మీద బయలుదేరితే తెల్లవారుజాము ముహూర్తానికి సుఖంగా అందుకోవచ్చునని లెక్క వేశాము. ముందు రోజు ఆయిలు కూడా మార్చాము. కారుకు పోసే ఆయిలు డబ్బా ఒకటి తగ్గింపు ధరకు దొరికింది. రంగు బాగున్నది, డబ్బా బాగున్నది, అన్నిటికంటె ధర బాగున్నది.

రాయకోట మీదుగా కృష్ణగిరి వరకు ఏ చిక్కూ లేదు. కృష్ణగిరి దాటి కుప్పం వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తున్నది గాని బండి ముందుకు సాగదు. క్లచ్చు జారిపోతున్నది. కొంత దూరం ఎక్కడం, కొంత దూరం నెట్టడం, ఆగి చల్లార్చడం. చివరకు బండిని ఒక లారీకి ఎక్కించి, వి.కోట దారిన పలమనేరు చేరేసరికి మంగళసూత్రధారణ అయిపోయింది. గంప ఎత్తవలసిన చోట పినతల్లి కొడుకు ఒకడు ఎత్తాడట. అక్కయ్య మమ్మల్ని చూచి, "అలసిపోయావురా, ముందు భోంచెయ్యి" అన్నది. అంతకంటె నాలుగు తిట్లు తిట్టివుంటే బాగుండేది.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత మెకానిక్కు క్లచ్చు విప్పి చూపించాడు. "ప్లేట్లు కొంత అరిగే వున్నాయి సార్, మిగిలిన పని ఈ ఆయిలు చేసింది" అన్నాడు. సాధారణంగా కారులో క్లచ్చుకు ఆయిలు తగలదు, పొడిగా వుంటుంది. మన బండిలో అది ఆయిలులోనే మునిగి తిరుగుతుంది. పెట్రోలు ఆదా కావాలని కొన్ని కారు ఆయిళ్ళలో రాపిడిని తగ్గించే దినుసులు కలుపుతారు. అవి ఇంజనుకు మంచివే. కాని క్లచ్చు పట్టుకొనేదే రాపిడి వల్ల కదా! ఆ పట్టు వదలితే ఇంజను ఒక దారి, చక్రం ఒక దారి.

అప్పుడు బండితో ఇచ్చిన పుస్తకం బయటికి తీసి, మా మెట్రిక్యులేషను ఇంగ్లీషుతో మొదటిసారి చదివాము. డబ్బా మీద చూడవలసిన గుర్తులు మూడు. మొదటిది చిక్కదనం. మా బండికి 15డబ్ల్యు-50 అని వ్రాసివుంది. డబ్ల్యు అంటే శీతకాలానికి గుర్తు. దాని ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. తరువాతి అంకె నూరు డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. రెండవది ఎ.పి.ఐ. వారి తరగతి. మూడవది జాసో గుర్తు. ఇది జపానువారు 1998లో మోటారు సైకిళ్ళ కోసం ఏర్పరచిన కొలత. ఆయిలులో మునిగే క్లచ్చుకు ఎం.ఎ. కావాలి, ఎం.బి. అని వుంటే అది గేర్లు లేని స్కూటర్ల వంటి వాటికి. సింథటిక్కా, మినరలా అనే వాదం ఈ మూడూ కుదిరిన తరువాతి మాట. సింథటిక్కు వేడికి బాగా ఓర్చుకొంటుంది, ధరా ఎక్కువే.

ఫిల్టరు సంగతీ తక్కువది కాదు. లోపల మడతలు పెట్టిన కాగితం వుంటుంది. అది మురికితో పూడుకొని పోతే, ఇంజను ఎండిపోకుండా చాలా బండ్లలో ఒక వాల్వు తెరచుకొని వడపోయని ఆయిలునే పంపుతుంది. పైకి బండి నడుస్తూనే వుంటుంది, లోపల అరుగుతూ వుంటుంది. అందుచేత కొత్త ఆయిలుకు పాత ఫిల్టరు పెట్టడం స్నానం చేసి మాసిన బట్ట కట్టుకొన్నట్లే. రబ్బరు రింగులు కూడా కొత్తవి వేయాలి. టమాటా తోటల మట్టిదారులలో తిరిగే మాబోటివారు గాలి ఫిల్టరును పుస్తకంలో చెప్పిన గడువుకు ముందే చూసుకోవాలి. ఆయిలు మట్టం చూసేటప్పుడు బండిని పక్క స్టాండు మీద వాల్చకుండా నిటారుగా నిలపాలి. తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. తీసిన పాత ఆయిలును కాలువలో పారబోయక మెకానిక్కుకే ఇస్తున్నాము. చిన్నారు నీళ్ళు త్రాగేవారము మనమే గదా.

పోయిన వైశాఖంలో రెండవ మేనకోడలి పెళ్ళి. పది రోజుల ముందే ఆయిలూ ఫిల్టరూ మార్చి, పాలకోడు దాకా, రాయకోట దాకా తిప్పి చూచాము. సెలవు రెండు రోజులు అడిగాము. అదే ఎత్తు దగ్గర మనసు జంకింది గాని, బండి జంకలేదు. ముహూర్తానికి ముందు రోజు మధ్యాహ్నానికే పలమనేరులో వున్నాము.

గంప ఎత్తేటప్పుడు పిల్ల, "మామా, నన్ను దారిలో ఆపేయవు గదా?" అని చెవిలో అడిగింది. అందరూ నవ్వారు. అక్కయ్య మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకొన్నది. రెండేళ్ళ నాడు అనని మాట ఆమె మనసులో వుండనే వున్నదని మాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా యింట ఒక చిన్న నోటు పుస్తకం వున్నది. ఆయిలు మార్చిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, డబ్బా మీది మూడు గుర్తులు మా అబ్బాయి చేత తెలుగులో వ్రాయిస్తున్నాము. వాడికి బండీ అబ్బుతుంది, నాలుగు తెలుగు అక్షరాలూ అబ్బుతాయి.