ఒహాయో ఒడ్డున ఎల్‌ఎస్‌టీ-325

చికాగో నుంచి దక్షిణంగా మొక్కజొన్న చేల మధ్య సాగే దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇండియానా రాష్ట్రం అంచున, ఎవాన్స్‌విల్‌లో ఒహాయో నదిపై నిలిపి ఉంచిన ఎల్‌ఎస్‌టీ-325 (ట్యాంకులను తీరంలో దింపే ఓడ, ‘ల్యాండింగ్ షిప్, ట్యాంక్’) గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరి షిప్‌యార్డు రెండో ప్రపంచయుద్ధంలో 167 ఎల్‌ఎస్‌టీలను కట్టి నది మీదుగా సాగనంపింది. 325 పుట్టింది ఫిలడెల్ఫియాలో, 1942లో. పొడవు 328 అడుగులు. లోపల ట్యాంకు డెక్కు ఒక పొడవాటి ఇనుప గది. ట్యాంకులు కదలకుండా గొలుసులు బిగించే కొక్కేలు నేలంతా ఉన్నాయి, ఇంజన్ల పొగను బయటికి తోసే ఫ్యాన్లు పైన ఉన్నాయి. ముందు చివర రెండు భారీ తలుపులు, వాటి వెనక ర్యాంపు. ఆ మహాయుద్ధపు తారీకులను నిర్ణయించిన వాటిలో ఈ మోత ఓడలది మొదటి వరుస అని నా అభిప్రాయం.

సరుకు మోసే ఓడకు అంత పేరెందుకని అడగవచ్చు. 1944లో నార్మండీ దాడిని మే నుంచి జూన్‌కు జరపడానికి ఒక ముఖ్య కారణం, ఇంకో నెల ఆగితే ఇలాంటి ఓడలు మరిన్ని చేతికొస్తాయన్నదే. దక్షిణ ఫ్రాన్స్ దాడి ఆగస్టుకు వెనకబడింది కూడా ఈ ఓడల కొరతతోనే. నార్మండీలోని షెర్బోర్గ్ రేవును జర్మన్లు ధ్వంసం చేసి వదిలేస్తే, సైన్యానికి కావలసిన సరంజామా చాలావరకు రేవు లేని ఇసుక తీరంలోనే దిగింది. 325 ఒక్కటే ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య నలభైకి పైగా ప్రయాణాలు చేసింది. తిరుగు ప్రయాణాల్లో క్షతగాత్రులను మోసింది.

నత్తనడక ఓడ, శత్రువుకు తేలిగ్గా చిక్కుతుంది అన్న విమర్శలో నిజముంది. 1944 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ తీరాన కసరత్తులోనే జర్మన్ టార్పెడో పడవలు రెండు ఎల్‌ఎస్‌టీలను ముంచితే వందలమంది ప్రాణాలు పోయాయి. వేగం పన్నెండు నాట్లు దాటకపోవడానికి చదునైన అడుగు ఒక కారణం. ఒడ్డెక్కడానికి ఆ చదునే కావాలి. నడిసముద్రంలో తొట్టెల్లో నీరు నింపుకుని లోతుగా కూర్చుంటుంది, తీరం దగ్గర ఆ నీటిని తోడేసి ముందుభాగాన్ని నాలుగడుగుల నీటిలోకి తెస్తుంది. వస్తూ వస్తూ వెనక జారవిడిచిన లంగరు తాడును చుట్టుకుంటూ మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. వేగాన్ని వదులుకుని ఈ సామర్థ్యాన్ని కొనుక్కున్నారు. ఆ బేరం సరైనదే.

1964 నుంచి 1999 దాకా గ్రీసు నౌకాదళంలో పనిచేసిన 325ను, సగటు వయసు డెబ్బై దాటిన మాజీ నావికులు క్రీట్ నుంచి అట్లాంటిక్ దాటించి 2001 జనవరిలో అమెరికా చేర్చారు. మన నౌకాదళానికీ ఇలాంటి ఓడలున్నాయి. 2020 కోవిడ్ కాలంలో మాల్దీవుల నుంచి 202 మందిని కొచ్చికి తెచ్చిన మగర్ 2023లో విరమించింది. దాని జత ఓడ ఘరియాల్ విశాఖ షిప్‌యార్డులో రూపుదిద్దుకుంది. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామిని, టీయూ-142 విమానాన్ని భద్రపరుచుకున్న విశాఖ, ఘరియాల్ విరమించే నాడు దానికీ చోటివ్వాలి.