"ఖాళీ లేదు"



క్రిస్మస్ సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మేమిద్దరం తండా పిల్లల్ని రామాయంపేటకు తీసుకపోయినం. ఒక వాడకట్టుల యేసు పుట్టుక ఆడి చూపిస్తున్నరు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మెదక్ చర్చిల, కిటికీ రంగుటద్దాల మీద చూసిన కథే. ఇక్కడ మాత్రం నిజం మనుషులు, నిజం మేక, గడ్డి కొట్టం.

నిండు చూలాలు మరియను పట్టుకొని యోసేపు తలుపులు కొడుతుండు. "చోటు లేదు పో" అంటున్నరు.

"భియా, జాగ ఎందుకిస్తలేరు?" అని చిన్నోడు అడిగిండు.

మాకు మాట రాలే. డిగ్రీల చేరినప్పుడు, హాస్టల్ సీటు రాకముందు, రూము కోసం తిరిగినం. తండా అనంగనే "ఖాళీ లేదు" అన్నరు. టులెట్ బోర్డు మాత్రం గేటుకే ఉండె.

"మన తండాకొస్తే మన కొట్టంల ఉండనిస్తుంటిమి" అన్నడు వాడే.

వచ్చే ఏడు డిగ్రీకొచ్చే తమ్ముళ్లు, చెల్లెండ్లు ముందే మెసేజ్ పెట్టండి. రూము వెతకనీకి మేం వెంట వస్తం.