అందరును తుదకు కొను పరికరము

సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, గేమింగ్ కంప్యూటరు కూర్పించుకొనదలచి వచ్చు యువకులు గ్రాఫిక్స్ కార్డును గూర్చియు, ప్రాసెసరును గూర్చియు గడియల తరబడి తర్కించి, తుదకు మిగిలిన సొమ్ముతో ఏదో యొక ఎస్ఎమ్‌పీఎస్‌ను పుచ్చుకొని పోవుట చూచినప్పుడెల్లను నా మనస్సు కలత చెందును. గోడనుండి వచ్చు ఏకాంతర విద్యుత్తును 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి యావద్యంత్రమునకు నందించునది అదియే గదా! పెట్టెపై ముద్రించిన 80 ప్లస్ చిహ్నము, గ్రహించిన విద్యుత్తులో ఎంత భాగము వ్యర్థము గాక లోనికి చేరునో తెలుపునే గాని, కెపాసిటర్ల నాణ్యమును గాని, వోల్టేజి మితిమీరినపుడు తనంత తానాగిపోవు రక్షణశక్తిని గాని తెలుపదు. కావున 12 వోల్టుల మార్గమున అది యెన్ని ఆంపియర్లు ఇయ్యగలదో లేబులుపై చదివి, వారంటీ యెన్నేండ్లో విచారించి మరీ కొనవలెను.

మదర్‌బోర్డు విషయమునను ఇట్టి దూరదృష్టియే వలయును. ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్టు 2016లో వెలువడగా, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి సైతము, బయాస్ నవీకరించిన పిమ్మట, తొలినాటి బోర్డులలో పెక్కింటిపై పనిచేసినది. ప్రాసెసరు నొక్కదానినే మార్చుకొని యంత్రమునకు నవయౌవనము కల్పించుకొన్నవారెందరో!

ర్యామ్ మాత్రము 16 జీబీలది ఒక్కటి గాక, 8 జీబీలవి జంటగా కొనుడు. రెంటితోను ఏకకాలమున పనిచేయు డ్యుయల్ ఛానల్ లభించును. ఇక సొగసుకై కోరు అద్దపు కేసును వచ్చు ఏడాదియైనను కొనవచ్చును.