కరెంటు ఉంది, చక్రం ఆగింది

భీమవరం నుంచి ఆకివీడు వెళ్ళే రోడ్డు మీద ఉండి అనే ఊరు దాటిన దగ్గర్నుంచీ రెండు వైపులా చెరువులే. చీకటి పడ్డాక అక్కడ కంటికంటే చెవికే ఎక్కువ పని. ఏ గట్టు మీద నిలబడ్డా నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల చక్రాలు చిలుకుతున్న చప్పుడే. అది వినపడుతున్నంతసేపూ గట్టు మీది మనుషులు నిశ్చింతగా భోంచేస్తారు, కబుర్లు చెప్పుకుంటారు, పడుకుంటారు. గత ఏడాది ఒక రాత్రి మా మావయ్య చెరువులో ఆ చప్పుడు ఆగిపోయింది. ఎవరికీ మెలకువ రాలేదు. సగం పంట పోయింది. ఆ రాత్రి ఏం జరిగిందో, మళ్ళీ జరగకుండా ఏం చేశారో కళ్ళారా చూద్దామని మొన్న ఒక సాయంత్రం బయల్దేరి వెళ్ళాను.

మావయ్యది వనామీ రొయ్యల సాగు. మన దేశంలో వనామీకి 2009లో అనుమతి వచ్చాక ఈ చుట్టుపక్కల చెరువులు చాలామటుకు దానివైపే మళ్ళాయి. ఒత్తుగా పెంచే పంట కాబట్టి గాలి మనమే అందించాలి. పగలు నీళ్ళలోని పచ్చని నాచు ఎండకి ప్రాణవాయువు తయారుచేస్తుంది. పొద్దు గుంకాక ఆ తయారీ ఆగిపోతుంది. రొయ్యలు, నాచు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడుకుంటూ పోతాయి. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నీళ్ళలో కరిగి ఉన్న ఆ ఆక్సిజన్‌ని ఇక్కడ అందరూ ‘డిఓ’ అంటారు. లీటరుకి 4 మిల్లీగ్రాములకు పైన ఉంటే రైతుకి నిద్ర పడుతుంది. 3కి దిగువకి జారితే రొయ్యలు ఊపిరాడక గట్ల అంచుకి, నీటి పైకి వచ్చేస్తాయి. ఇంకా జారితే అడుగున రాలిపోతాయి.

‘‘కరెంటు పోతే మాకు భయం లేదురా అబ్బాయ్,’’ అన్నాడు మావయ్య, షెడ్డు ముందు మంచం వాల్చుకుని. ‘‘పోతే అలారం మోగుతుంది, జనరేటర్ దానంతటది అందుకుంటుంది. ఆ రాత్రి కరెంటు పోలేదు. అదే కొంప ముంచింది.’’

ఆ మాట అర్థం కావడానికి నన్ను షెడ్డు లోపలికి తీసుకెళ్ళి ప్యానెల్ తలుపు తెరిచాడు. స్తంభం మీంచి వచ్చిన మూడు ఫేజుల లైను మీటరు దాటి, జనరేటర్ ఛేంజోవర్ దాటి, పెద్ద బ్రేకరులోకి వెళుతుంది. దాన్ని ఎంసీసీబీ అంటారు. మన ఇళ్ళలో ఉండే ఎంసీబీకి అది పెద్దన్న. అందులోంచి ఏరేటర్ల స్టార్టర్లకి వైర్లు పోతాయి. షెడ్డులో బల్బుకి మాత్రం బ్రేకరుకి ముందే వేరే లైను తీశారు. అలారం కూడా అక్కడే, బ్రేకరుకి ముందు తగిలించి ఉండేది.

ఆ రాత్రి ఒక ఏరేటర్ కేబులు నీళ్ళలో ఒరుసుకుని తొడుగు చిరిగి షార్ట్ అయింది. పెద్ద బ్రేకరు తన పని తాను చేసింది, ట్రిప్ అయింది. మొత్తం ఏరేటర్లు ఆగాయి. కానీ స్తంభం మీద కరెంటు నిక్షేపంగా ఉంది. బల్బు వెలుగుతోంది. బ్రేకరుకి ముందున్న అలారం దృష్టిలో అంతా బాగుంది. జనరేటర్ దృష్టిలోనూ అంతా బాగుంది. కాపలా ఉన్న మనిషి ఆ అలారాన్ని నమ్ముకునే కునుకు తీశాడు. నాలుగున్నరకి లేచి చూసేసరికి చెరువు అద్దంలా నిలిచిపోయి ఉంది. రొయ్యలు అంచున తేలుతున్నాయి.

పరుగున వచ్చి బ్రేకరు పిడిని పైకి నెట్టాడు. అది నిలబడలేదు. మళ్ళీ నెట్టాడు. నిలబడలేదు. బ్రేకరు చెడిపోయిందనుకుని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఎంసీసీబీ పిడికి రెండు కాదు, మూడు స్థానాలు. పైన ఆన్, కింద ఆఫ్. ట్రిప్ అయితే పిడి రెంటికీ మధ్యలో ఆగుతుంది. అలా మధ్యలో ఆగడమే ‘నన్నెవరూ ఆపలేదు, నేనే విడిపోయాను’ అని అది చెప్పే మొదటి కబురు. దాన్ని ముందు పూర్తిగా కిందికి లాగితే లోపలి కొక్కెం మళ్ళీ తగులుకుంటుంది. ఆ తర్వాతే పైకి నెట్టాలి. ఆ కాస్త సంగతి తెలియక ఇంకో పావుగంట పోయింది.

నేను వెళ్ళిన రాత్రి నాలుగింటికి మావయ్యతో పాటు లేచాను. డిఓ మీటరు చెరువులో ముంచితే 4.3 చూపించింది. ‘‘చాలు,’’ అని గట్టు మీద కూర్చుని టీ తాగాడు. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి.

పొద్దున్న అనుమతి తీసుకుని ఊరి చివర ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను. బ్రేకరు పడిపోయిందన్న కబురు ఎలా అందాలి అని చెరువు గట్టు మీద తలెత్తిన ప్రశ్నకి విద్యుత్ శాఖ వాళ్ళు ఎన్నో ఏళ్ళ క్రితమే జవాబు కనిపెట్టి పెట్టుకున్నారని అక్కడ తెలిసింది. షిఫ్ట్ ఆపరేటర్ గారు కంట్రోల్ రూములో ప్యానెళ్ళ వరస ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి బయటికి వెళ్ళే ఒక్కో 11 కేవీ లైనుకి, అంటే ఫీడరుకి, ఒక్కో ప్యానెల్. ఒక్కోదాని మీద రంగురంగుల దీపాలు.

‘‘ఎర్ర దీపం వెలిగితే ఆగిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. తిరగేసి చెప్పుకోవాలి సార్,’’ అన్నారాయన. ఎరుపంటే బ్రేకరు కలిసి ఉంది, లైన్లో కరెంటు నడుస్తోంది, ముట్టుకుంటే ప్రమాదం. ఆకుపచ్చ అంటే బ్రేకరు విడిపోయి ఉంది. బయట యార్డులో ఉన్న బ్రేకరు లోపలి కడ్డీకి చిన్న సహాయక కాంటాక్టులు బిగించి ఉంటాయి. బ్రేకరు కదిలితే అవీ కదిలి ఈ దీపాలను మారుస్తాయి. ఇవి వ్యాక్యూమ్ బ్రేకర్లు. గాలి తీసేసిన సీసాల్లాంటి గొట్టాల్లో సెంటీమీటరు అటూ ఇటూ దూరం జరిగి కాంటాక్టులు విడిపోతాయి. ఆ ఎడం బయటి కంటికి కనపడదు. కాబట్టి బ్రేకరు ఒంటి మీది ఆన్, ఆఫ్ గుర్తూ, లోపల ఈ దీపాలూ చెప్పిందే సమాచారం. అంతటితో నమ్మకూడదు గనకే, లైను మీద పని చేయాలంటే, ఎడం బయటికి కనపడే ఏబీ స్విచ్ కూడా తెరిచి కంటితో చూసుకుని, ఎర్తింగ్ రాడ్లు వేశాకే మనిషి స్తంభం ఎక్కాలి.

ఆకుపచ్చ దీపం వెలిగిందంటే బ్రేకరు విడిపోయిందని తెలిసింది. విడిపోయిందా, విడదీశారా? ఇదే అసలు ప్రశ్న. దానికోసం ఇంకో దీపం ఉంది, నారింజ రంగుది. ఆపరేటర్ చేత్తో తిప్పే స్విచ్‌కి మూడు స్థానాలు. ఒకవైపు తిప్పితే ట్రిప్, ఇంకోవైపు తిప్పితే క్లోజ్. వదిలేస్తే మధ్యకి వస్తుంది. కానీ చివరిసారి ఎటు తిప్పారో అది గుర్తుపెట్టుకుంటుంది. చివరిగా చెయ్యి ‘క్లోజ్’ అని చెప్పి, బ్రేకరు మాత్రం విడిపోయి ఉంటే, అంటే చెయ్యి చెప్పింది ఒకటీ బ్రేకరు చేసింది ఇంకొకటీ అయితే, ఆ నారింజ దీపం వెలుగుతుంది. ఆపరేటర్ తానే ఆపితే వెలగదు. ఇంత చిన్న ఏర్పాటులో ఎంత ఆలోచన ఉందో అని చాలాసేపు ఆ స్విచ్ వంకే చూస్తూ ఉండిపోయాను.

తొమ్మిది దాటాక ఆయన మాట మధ్యలో ఉండగానే హూటర్ మోగింది. నాలుగో ప్యానెల్ మీద ఎరుపు ఆరింది, ఆకుపచ్చా నారింజా వెలిగాయి. పైన ఒక చిన్న అద్దపు కిటికీ మిణుకుమిణుకుమంటోంది. ఆయన కంగారు పడలేదు. ముందు గడియారం చూశారు. ‘యాక్సెప్ట్’ బటన్ నొక్కారు. మోత ఆగింది, మిణుకు ఆగి దీపం నిలకడగా వెలిగింది. మోత ఆపినంత మాత్రాన సమాచారం చెరిగిపోకూడదని ఆ ఏర్పాటు. తర్వాత, లోపాన్ని పసిగట్టి బ్రేకరుని ట్రిప్ చేయించే రిలే తెర మీద చదివారు. ‘‘ఎర్త్ ఫాల్ట్. ఏదో ఒక ఫేజు నేలకి తగిలింది. కొమ్మ అయ్యుండొచ్చు.’’ టైమూ, రిలే చూపించిన కారణమూ లాగ్‌బుక్కులో రాసుకున్నాకే రీసెట్ నొక్కారు. పాతకాలం రిలేల్లో అయితే లోపల తిరిగే పళ్ళెం, ముందు చిన్న రేకు జెండా ఉండేవి. ట్రిప్ అయితే జెండా పడిపోయేది. చేత్తో ఎత్తేదాకా అలాగే ఉండేది. ఇప్పుడు డిజిటల్ రిలే ఎన్ని ఆంపియర్లు పారిందో కూడా దాచి ఉంచుతుంది.

వెంటనే లైను ఛార్జ్ చేస్తారనుకున్నాను. ఆయన ముందు ఎల్‌సీ రిజిస్టరు తీశారు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ ఫలానా ఫీడరు మీద పని చేస్తున్నానని రాయించి తీసుకునే అనుమతి. ఎల్‌సీ ఇచ్చిన ఫీడరు స్విచ్‌కి ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలిస్తారు. అది తిరిగి వచ్చేదాకా ఎవరు ఫోన్ చేసినా, ఎంత గోల చేసినా స్విచ్ ముట్టుకోరు. ‘‘రెండు ఫీడర్లలోనూ ఆకుపచ్చే వెలుగుతుంది సార్. ఒకటి ట్రిప్ అయినది, ఒకటి మనిషి స్తంభం మీద ఉన్నది. రెంటికీ తేడా తెలియకపోతే ప్రాణం పోతుంది,’’ అన్నారు. నేను ఆ నారింజ దీపాన్ని రొయ్యల కోసం చూడ్డానికి వచ్చాను. అది మనుషుల కోసం ఉందని అప్పుడు తెలిసింది.

ఎల్‌సీ ఏదీ లేదని చూసుకుని, లైన్‌మన్‌తో ఫోన్లో మాట్లాడాక ట్రయల్‌గా లైను ఛార్జ్ చేశారు. ఫీడరు నిలబడింది.

పక్క గదిలో బ్యాటరీలు చూపించారు. రెండేసి వోల్టుల సెల్‌లు పన్నెండు, మొత్తం 24 వోల్టులు. బ్రేకరుని విడదీసే ట్రిప్ కాయిల్, దీపాలు, హూటర్, అన్నీ వీటి మీదే. కరెంటు పోయిందన్న కబురు ఆ పోయిన కరెంటు మీదే ఆధారపడితే ఆ కబురు ఎవరికీ చేరదు. ఈ బ్యాటరీలు చచ్చిపడితే కబురే కాదు, బ్రేకరూ ట్రిప్ కాదు. అందుకని ప్యానెల్ మీద తెల్ల దీపం ఇంకొకటి. బటన్ నొక్కితే ట్రిప్ కాయిల్ గుండా అది కదలనంత కొద్దిపాటి కరెంటు పారి దీపం వెలుగుతుంది. ట్రిప్ అయ్యే దారి తెగిపోకుండా ఉందని దానికి అర్థం. ప్రతి షిఫ్టులోనూ నొక్కి చూస్తామని చెప్పారు.

మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ చెరువు దగ్గరికి వచ్చాను. ఊరి ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి ఉన్నాడు. సబ్‌స్టేషన్‌లో చూసిన సూత్రాలే చిన్న ఎత్తున మావయ్య ప్యానెల్లో అతను ఎలా అమర్చాడో చూపించాడు.

మొదటిది, బ్రేకరుకి తరవాత వైపు మూడు ఫేజులనూ కనిపెట్టే రిలే. మూడూ ఉన్నంతసేపూ అది పట్టుకుని ఉంటుంది. ఒక్కటి పోయినా వదిలేస్తుంది, వదిలితే సైరన్. కరెంటుతో మోగే ఏర్పాటు కాదు, కరెంటు పట్టు తప్పితే మోగే ఏర్పాటు. రిలేకి వెళ్ళే వైరు ఎలుక కొరికినా సైరన్ మోగుతుంది. చెడిపోతే ఊరుకోదు, అరుస్తుంది. రెండోది, ఎంసీసీబీ లోపల అమర్చే ట్రిప్ అలారం కాంటాక్టు. మామూలు సహాయక కాంటాక్టు చేత్తో ఆపినా మారుతుంది, ట్రిప్ అయినా మారుతుంది. ఈ కాంటాక్టు ట్రిప్ అయితేనే మారుతుంది. దాంతో వల లాగే రోజు, మరమ్మతు చేసే రోజు చేత్తో ఆపితే ఒక దీపం, దానంతటది పడిపోతే ఎర్ర దీపంతో పాటు ఫోన్ కాల్. మూడోది, ఒక్కో ఏరేటర్ వైరు చుట్టూ చిన్న కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. పెద్ద బ్రేకరు బాగానే ఉండి ఒక్క ఏరేటర్ స్టార్టరు మాత్రమే ఓవర్‌లోడుకి పడిపోతే మొదటి రెండూ పసిగట్టలేవు. వోల్టేజి ఉందా అని కాదు, మోటారు నిజంగా కరెంటు తీసుకుంటోందా అని ఇది చూస్తుంది. వీటన్నిటినీ సిమ్ కార్డు పెట్టెకి కలిపారు. దానికి సొంత బ్యాటరీ. అది వరసగా మూడు నంబర్లకి ఫోన్ చేస్తుంది. ఒకరు ఎత్తేదాకా ఆగదు.

‘‘ఇప్పుడు చూడండి బాబుగారూ,’’ అని కుర్రాడు ఎంసీసీబీ ముఖం మీద ఉన్న చిన్న బటన్‌ని స్క్రూడ్రైవరు మొనతో నొక్కాడు. తయారీదారులు పరీక్ష కోసం పెట్టేదే ఆ బటన్. పిడి ఠక్కున మధ్యకి పడింది. ఏరేటర్లు ఒక్కొక్కటే నిదానించి ఆగాయి. షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంది. సైరన్ గట్టంతా వినపడింది. కొద్దిసేపట్లో మావయ్య జేబులో ఫోన్ మోగింది. ఆయన ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కాపలా మనిషిని పిలిచి పిడి కిందికి లాగి పైకి నెట్టమన్నాడు. ఇప్పుడతనికి అది వచ్చు. కారణం వెతక్కుండా పిడి ఎత్తకూడదన్నదీ వచ్చు.

చెరువున్న ప్రతి రైతుకీ, కోళ్ళ షెడ్డులో ఫ్యాన్ల మీద ఆధారపడ్డ వాళ్ళకీ, మందుల ఫ్రిజ్ ఉన్న దుకాణదారుకీ నాదొక్కటే మనవి. బ్రేకరు ట్రిప్ అవడం తప్పు కాదు. అది మంట పుట్టకుండా, మోటారు కాలకుండా కాపాడింది. కబురు చేరకపోవడమే నష్టం. మీ అలారం బ్రేకరుకి ముందు ఉందో తరవాత ఉందో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోండి. దానికి సొంత బ్యాటరీ ఉందో లేదో అడగండి. నెలకోసారి పరీక్ష బటన్ నొక్కించి చూడండి. చెరువైతే ఆ పరీక్ష తెల్లవారుజామున చేయకండి. ఎండ కాసి, నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్న మధ్యాహ్నం పూట చేయండి.