రైలు వచ్చేదాకా

మన హాస్టల్లో ఎవరికైనా ఒక సినిమా చూడమని చెప్పి చూడండి. హీరో ఎవరు, కథేంటి అనేవి తర్వాత. ముందు అడిగేది ఒకటే: "ల్యాగ్ ఉంటదా?"

నేను చెప్పబోయే సినిమాలో మొదటి పది నిమిషాలు ఆ లెక్కన పూర్తిగా ల్యాగే. ముగ్గురు మనుషులు ఒక రైల్వే స్టేషన్లో రైలు కోసం చూస్తుంటారు, అంతే. పాట లేదు, ఫైట్ లేదు, సరిగ్గా డైలాగ్ కూడా లేదు. అయినా ఫార్వర్డ్ చేద్దామని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఏమీ జరగని సీన్ మనల్ని ఎలా కట్టిపడేస్తుందో అర్థం చేసుకోవాలని దాన్ని నాలుగైదు సార్లు చూశాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చింది.

సినిమా పేరు ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’. 1968లో వచ్చింది. డైరెక్టర్ సెర్జియో లియోనీ అమెరికా ఆయన కాదు, ఇటలీ ఆయన. వెస్టర్న్ అంటే మన భాషలో కౌబాయ్ సినిమా.

మొదలవ్వగానే పొడుగు కోట్లు వేసుకున్న ముగ్గురు తుపాకీ మనుషులు ఎడారి లాంటి చోట ఉన్న స్టేషన్‌కి వస్తారు. టికెట్లిచ్చే ముసలాయన్ని ఒక గదిలోకి తోసి తలుపేస్తారు. తర్వాత ఎవరి చోటు వాళ్ళు చూసుకుంటారు. ఒకతను నీళ్ళ ట్యాంకు కింద నిలబడతాడు. పైనుంచి ఒక్కో చుక్క అతని గుండు మీద పడుతుంటుంది. పక్కకి జరగడు, టోపీ పెట్టుకుంటాడు. ఇప్పుడు చుక్క టోపీ మీద పడుతుంది, చప్పుడు మారుతుంది. ఇంకొకతను వేళ్ళు విరుచుకుంటుంటాడు. మూడో అతను బెంచీ మీద వాలి కూర్చుంటే మొహం మీద ఈగ వాలుతుంది. చెయ్యెత్తడానికి కూడా బద్ధకం, మూతి వంకర తిప్పి ఊదుతుంటాడు. చివరికి ఆ ఈగని తుపాకీ గొట్టంలో బంధించి, లోపల అది చేసే రొదని వింటూ నవ్వుకుంటాడు. టెలిగ్రాఫ్ మిషన్ టిక్కుటిక్కుమని విసిగిస్తే దాని వైర్లు పీకేస్తాడు. వీటన్నిటి వెనక నూనె వెయ్యని గాలిమర ఒకటి కీచుమంటూ తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో గమనించాల్సింది ఆ తలుపు వేయడం. ఒక్క తుపాకీ పేలకముందే వీళ్ళు మంచి పని మీద రాలేదని మనకి తెలిసిపోతుంది. ఆ ఒక్క సమాచారం ఇచ్చి డైరెక్టర్ ఇంకేమీ చెప్పడు. ఎవరి కోసం వచ్చారు? ఎందుకు? ఆ వచ్చేవాడు మంచివాడా? చెప్పడు. ఇక ఈగ వాలినా, నీటి చుక్క పడినా మనం ఆ తలుపు గుర్తుపెట్టుకునే చూస్తాం. తలుపు వేసిన ముక్క తీసేసి చూస్తే అది ముగ్గురు సోమరిపోతుల కామెడీ సీన్ అయిపోతుంది.

రెండోది చెవులు. ఈ సినిమాకి సంగీతం ఎన్నియో మొరికోనె. అంత పెద్ద మ్యూజిక్ డైరెక్టర్‌ని పెట్టుకొని ఈ సీన్లో బీజీఎం వాడలేదు. బీజీఎం ఉంటే ఎప్పుడు భయపడాలో అదే చెప్పేస్తుంది, మనం నిశ్చింతగా కూర్చుంటాం. అది లేకపోతే ఏ చప్పుడు ముఖ్యమో మనమే వెతుక్కోవాలి. మాది బెల్లంపల్లి, కాజీపేట-బల్లార్షా లైను మీది స్టేషను. ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే దూరంగా వచ్చేది బొగ్గు గూడ్సా, మనం ఎక్కాల్సిన బండా అని చెవులు వాటంతటవే లెక్కలేస్తుంటాయి. లియోనీ మనల్ని సరిగ్గా అలాంటి బెంచీ మీద కూర్చోబెడతాడు.

రైలు వస్తుంది. ఆగుతుంది. ఒక పార్సిల్ పడుతుంది గానీ మనిషి దిగినట్టు కనపడడు. ముగ్గురూ వెనక్కి తిరుగుతారు. రైలు కదిలాక పట్టాల అవతలి నుంచి మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది. సీన్ మొత్తంలో మొదటి సంగీతం అదే, అది కూడా ఆ వచ్చినవాడే వాయిస్తున్నాడు. గుర్రాల గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకుంటారు, కాల్పులు మొదలైన కొన్ని సెకన్లకే అయిపోతాయి. పది నిమిషాలు దేనికోసం చూశామో అది రెప్పపాటులో ముగుస్తుంది.

ఈ ఐడియా లియోనీకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1952లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన ‘హై నూన్’లో కూడా ముగ్గురు మనుషులు స్టేషన్లో రైలు కోసం చూస్తారు. మధ్యాహ్నం పన్నెండింటి బండికి వాళ్ళ నాయకుడు దిగాలి, ఊళ్ళో మార్షల్ మీద పగ తీర్చుకోవాలి. సినిమా పొడుగునా గోడ గడియారాలు చూపిస్తూ ఉంటారు. లియోనీ ఆ ముగ్గురినీ, ఆ స్టేషన్నీ తీసుకున్నాడు. గడియారాన్ని మాత్రం పక్కన పెట్టాడు. గడియారం ఉంటే ఇంకా ఎంతసేపు ఓర్చుకోవాలో తెలుస్తుంది. లేకపోతే మన ఓఎస్ క్లాసులో చెప్పే టైమౌట్ లేని వెయిట్ అన్నమాట.

మనకీ కౌబాయ్‌లు ఉన్నారు. 1971 ఆగస్టు 27న కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. రచన ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. రాజస్థాన్ ఎడారి దాకా వెళ్ళి తీశారు. 2023 మే 31న కృష్ణ పుట్టినరోజుకి 4కెలో మళ్ళీ థియేటర్లకి వచ్చింది. ఆ తర్వాత చిరంజీవి ‘కొదమ సింహం’ (1990), మహేష్ బాబు ‘టక్కరి దొంగ’ (2002). గుర్రం, టోపీ, నిధి వేట అన్నీ మనవాళ్ళు తెచ్చుకున్నారు గానీ ఆ ఖాళీ నిమిషాలని పెద్దగా తెచ్చుకోలేదని నాకనిపిస్తుంది. దానికి కారణం ఉంది. మనకి హీరో ఎంట్రీ ఉంది. ముందు బూట్లు, తర్వాత చెయ్యి, తర్వాత వీపు, ఆఖరికి మొహం. అది కూడా ఎదురుచూపే, మస్తు మజా ఉంటుంది. కాకపోతే రాబోయేది ఎవరో టికెట్ కొన్నప్పుడే మనకి తెలుసు. వచ్చాక గెలిచేది కూడా ఆయనే. అందుకే ఈల వేస్తాం గానీ ఊపిరి బిగబట్టం.

ఇదంతా సినిమా తీసేవాళ్ళ వైపు నుంచి. చూసేవాళ్ళ వైపు నుంచి నాకు చెప్పింది మా నాయినమ్మ.

మొన్న దసరా సెలవుల్లో ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఈ సీన్ పెట్టాను. నాయినమ్మ పక్కన కూర్చొని గోకరకాయ తుంపుతోంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, ఈ సీన్‌కి ఇంగ్లీషుతో పని కూడా లేదు. కాసేపు చూసి, "వీళ్ళు ఎవల్నో సంపనీకి వచ్చిండ్రు" అంది.

"ఎట్ల చెప్పినవ్ నాయినమ్మా?"

"కావలసినోళ్ళ కోసం ఎదురుసూసేటోళ్ళు గట్ల కూసుంటరా బిడ్డా? ఈగతోని ఆడుకుంటరా?"

స్పేస్ బార్ నొక్కి ఆపాను.

మా తాత బాయి పనికి పోయేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మూడు షిఫ్టులకీ సైరన్ కూసేది. షిఫ్టు దిగే సైరన్ కూసినాక ఎంతసేపటికి ఎవరి ఇంటాయన సందు మలుపు తిరుగుతాడో ఆడవాళ్ళందరికీ లెక్క ఉండేదట. తాత సైకిల్ చైన్ కవర్ గీసుకుంటుంది కాబట్టి నాయినమ్మకి మనిషి కనపడక ముందే తెలిసేది. వేళ కాని వేళ సైరన్ కూస్తే మాత్రం లైన్ మొత్తం తలుపుల్లోకి వచ్చేది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదట.

ఒక రాత్రి రెండో షిఫ్టు దిగే సైరన్ కూసింది, తాత రాలేదు. పక్కింటాయన వచ్చాడు, ఎదురింటాయన వచ్చాడు. ఎదురింటాయన దగ్గడం వినిపించిందట. ఎవరో బోరింగ్ కొట్టి కాళ్ళు కడుక్కున్నారట. తర్వాత అందరి దీపాలూ ఆరిపోయాయి. "పోయి అడుగుదామంటే కాళ్ళు రాలే. అడిగితే ఏమన్న చెప్తరేమోనని" అంది. తెల్లారుజామున చైన్ కవర్ చప్పుడు వినపడింది. రావాల్సిన మనిషి రాలేదని తాత ఇంకొకరి పనిలో ఆగిపోయాడు. వచ్చి అన్నం అడిగాడు. అంతే కథ.

ఆ కథలో ఎవరికీ ఏమీ కాలేదు. అయినా నలభై ఏళ్ళు దాటినా ఎవరు దగ్గారో, ఎవరు బోరింగ్ కొట్టారో ఆమెకి వరసగా గుర్తుంది. పండగలూ పెళ్ళిళ్ళూ అంత వరసగా గుర్తులేవు. లియోనీ పది నిమిషాలు కష్టపడి మన చెవులకి నేర్పేది ఆమె చెవులకి ఆ ఒక్క రాత్రిలో వచ్చేసింది. తుపాకీ పేలడం వల్ల పుట్టే భయం కాదిది. వినేవాళ్ళ లోపల ముందే ఉంటుంది, చప్పుళ్ళు దాన్ని లేపుతాయి.

సస్పెన్స్‌కి తెలుగులో ఏమంటారని ఈ వ్యాసం కోసం వెతికితే ‘ఉత్కంఠ’ అని దొరికింది. ఇంగ్లీష్ మీడియం బుర్ర కదా, ఆ మాట పేపర్ హెడ్డింగుల్లో చూడటమే తప్ప విడదీసి చూడలేదు. ఉత్ అంటే పైకి, కంఠం అంటే మెడ. మెడ ఎత్తి చూడటం! తలుపుల్లో నిలబడి సందు చివరికి చూసిన ఆ ఆడవాళ్ళ బొమ్మ ఆ మాటలోనే ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో బాయిలు చాలావరకు మూతబడ్డాయి. తాత లేడు. బయట పాత సైకిల్ చప్పుడైతే మాత్రం నాయినమ్మ మాట మధ్యలో ఆగుతుంది, తర్వాత మళ్ళీ అందుకుంటుంది.

ఆ రోజు మిగతా సీన్ కూడా చూపించాను. కాల్పులు అయిపోయాయి. నేను రియాక్షన్ కోసం చూస్తుంటే, "మరి ఆ గదిల ఏసిన ముసలాయనను ఎవలు తీస్తరు?" అని అడిగింది. అన్నిసార్లు చూసినా నాకు రాని ప్రశ్న అది. ఆయన ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు కదా.

కాబట్టి ఈ వీకెండ్ ఆ పది నిమిషాలు చూడండి. 1.5 స్పీడ్ వద్దు, ఫోన్ బోర్లా పెట్టండి, ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. రైలు కూత వినపడగానే మీ మెడ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.