తాతయ్య కొట్టు... ఆమ్‌స్టెల్‌వీన్‌లో!

బెజవాడ ఆటోనగర్‌లో ఆ పెద్దాయనది పాత స్పేర్ పార్టుల కొట్టు. విప్పేసిన లారీల గేర్‌బాక్సులు, క్రౌన్ పినియన్లు, కమాన్ కట్టలు... గుట్టలుగా పోసి ఉంటాయి. నలభై ఏళ్లుగా ఆ గ్రీజు మరకల మధ్యే బతుకు. ఆ కొట్టు మీదే కొడుకుని ఇంజినీరింగ్ చదివించారు. కొడుకు మాత్రం కాలేజీ స్నేహితుల్ని ఏనాడూ అటువైపు తీసుకురాలేదు. ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అని ఎవరైనా అడిగితే ‘ఆటోమొబైల్ బిజినెస్’ అనేవాడు. అబద్ధమేమీ కాదు. అలా ఎందుకంటున్నాడో తండ్రికి తెలుసు. తెలియనట్టే ఊరుకున్నారు.

ఆ కొడుకు నెదర్లాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాడు. కాపురం ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో. మనవాళ్లు బాగా ఉన్న ఊరది. 2024 ఏప్రిల్‌లో పెద్దాయన తొలిసారి అక్కడికి వెళ్లారు. సరిగ్గా రాజుగారి పుట్టినరోజు ముందు!

ఏప్రిల్ 27 అక్కడ కింగ్స్ డే. 1967లో ఆ రోజున పుట్టిన విలెమ్ అలెగ్జాండర్ 2013లో రాజయ్యారు. అంతకుముందు ఆయన తల్లి బియాట్రిక్స్ హయాంలో ఏప్రిల్ 30న క్వీన్స్ డే జరిగేది. నిజానికి ఆవిడ పుట్టింది జనవరి 31న. ఆ చలిలో వీధి పండగేమిటని కాబోలు, తన తల్లి జులియానా పుట్టినరోజునే కొనసాగించారు. రాజవంశం పేరు ఆరెంజ్ కాబట్టి ఆ రోజు ఊరంతా నారింజ రంగే. చొక్కాలు, టోపీలు, ఆఖరికి కేకు మీద పూత కూడా!

అన్నిటికన్నా చిత్రం అక్కడి సంత. ఆ ఒక్కరోజు లైసెన్సు లేకుండానే జనం తమ పాత సామాన్లను వీధిలో పెట్టి అమ్ముకుంటారు. పిల్లలు దుప్పటి పరిచి బొమ్మలు పేర్చుకుంటారు. కొందరైతే ముందురోజే చాక్‌పీసుతో గీత గీసి ‘ఈ చోటు మాది’ అని రాసేసుకుంటారు.

కొడుక్కి ఇదంతా మొదట్లో అంటలేదు. నారింజ టీషర్టు వేసుకుని ఫొటో దిగి ఇంటికొచ్చేసేవాడు. ఒకరు వాడిన వస్తువు కొనడమా! ఈసారి మాత్రం ఎనిమిదేళ్ల మనవడు పట్టుబట్టాడు. తన చిన్నప్పటి సైకిల్ అమ్మాల్సిందేనన్నాడు. చెయిను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. “ఎవరు కొంటార్రా దాన్ని? పారేద్దాం” అన్నాడు తండ్రి.

“పారెయ్యడమెందుకురా?” అని పెద్దాయన లేచారు. కోడల్ని అడిగి వంటనూనె, పాత గుడ్డ తెప్పించుకున్నారు. గంటసేపు బాల్కనీలో కూర్చుని చెయిను తుడిచి, నూనె పట్టించి, బ్రేకులు సరిచేశారు. “మామయ్యగారూ, ఇక్కడికొచ్చి కూడా ఈ పనేనా!” అని కోడలు నవ్వింది.

పొద్దున్నే తాతా మనవడూ దుప్పటి పరిచారు. బెజవాడలో ఎండలు మండిపోయే రోజుల్లో ఇక్కడ పెద్దాయన ఒంటి మీద స్వెట్టరు! ఒకావిడ సైకిల్ దగ్గర ఆగింది. మనవడు డచ్చిలో పది యూరోలన్నాడు. ఆవిడ అయిదంది. పెద్దాయన మాట్లాడలేదు. వెనక చక్రం పైకెత్తి పెడల్ ఒక్కసారి తిప్పి వదిలారు. చక్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఆవిడ ఎనిమిదిచ్చింది. బోణీ డబ్బుల్ని ఆయన కళ్లకద్దుకుంటే మనవడూ అలాగే చేశాడు.

డచ్చివాళ్లతో మనకు బేరాలు కొత్త కాదు లెండి. 1605లోనే వాళ్లు బందరుకు వచ్చారు. మన పాతవాళ్లు వాళ్లను వలందులు అనేవారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ బందరులో ఉన్నాయి.

“తాతయ్యా, మీ ఊళ్లో నువ్వేం అమ్ముతావ్?” అన్నాడు మనవడు.

పెద్దాయన కొడుకు వైపు ఓసారి చూశారు. “పాత లారీ సామాన్లు.”

“రోజూనా?”

“రోజూనే.”

“అంటే మీకు రోజూ కింగ్స్ డేనా!”

వాడి కళ్లలో అసూయ. పెద్దాయన గట్టిగా నవ్వేశారు. కొడుకు నవ్వలేదు. కాఫీ కప్పు పక్కన పెట్టి, దుప్పటి మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆఫీసు స్నేహితుడొకడు భార్యాపిల్లలతో అటుగా వచ్చి పలకరించాడు.

“మా నాన్న” అని ఇంగ్లిషులో పరిచయం చేశాడు కొడుకు. “మా ఊళ్లో పాత లారీ పార్టుల కొట్టు నడుపుతారు. నన్ను చదివించింది ఆ కొట్టే.”

పెద్దాయనకు ఆ ఇంగ్లిషు ఎంత అర్థమైందో! గుడ్డ తీసి, తుడిచిన బొమ్మ కారునే మళ్లీ తుడుస్తూ కూర్చున్నారు. తర్వాత మోచేత్తో కొడుకుని పొడిచి, ఎదురుగా నిలబడ్డ ఓ చిన్నపిల్లని చూపించారు.

“కబుర్లు తర్వాతరా... బేరమొచ్చింది చూడు.”